రెండో కాగితం

తమ్ముడి ఆపరేషన్‌కు ఒక్క సంతకం కావాలని కోర్టు మెట్లెక్కింది అక్క. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి అక్క సంతకం చెల్లదని, తన బాగోగులు తాను చూసుకోలేని మనిషైతే చట్టప్రకారం గార్డియన్ ఉండి తీరాలని ఆసుపత్రివాళ్లు తేల్చి చెప్పాక ఆమెకు వేరే దారి దొరకలేదు. తనను గార్డియన్‌గా పెట్టమని అడిగింది. కోర్టు గార్డియన్‌నైతే పెట్టింది కానీ అక్కను పెట్టలేదు. ముక్కూ మొహం తెలియని ఒక ఉద్యోగినిని పెట్టింది. ఆ ఉద్యోగిని సంతకం చేసింది. ఆపరేషన్ అయింది, కుట్లు విప్పారు, తమ్ముడు ఇంటికొచ్చాడు. అంతటితో ఆ గొడవ వదిలిందనుకుంది అక్క. ఆసుపత్రిలో సంతకం పెట్టిన చెయ్యి తమ ఇంటి గడప దాకా రాదనుకుంది. పోయిన వారం మనం ఆగిన చోట, సెలవు రోజు పొద్దున పదింటికి, ఆ చేతి తాలూకు కారు వచ్చి వాకిట్లో ఆగింది.

అక్క చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక వీపు వెనక దాచుకుని తలుపు తీసింది.

"లోపలికి రావచ్చా అమ్మా?" అంది గార్డియన్. యాభై దాటిన మనిషి. భుజాన సంచి, రెండు చేతులా పొదువుకున్న లావుపాటి ఫైలు. ఎండలో నడిచి వచ్చిన మనిషిలా లేదు, ఎన్నో ఇళ్లు తిరిగి వచ్చిన మనిషిలా ఉంది.

ముందు గదిలో ఆమె భర్త, తమ్ముడి బావ, స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నాడు. వారమంతా ఊళ్లో వాళ్ల లిఫ్టులు బాగుచేసే మనిషికి, సెలవు రోజైతే ఇంట్లో బాగుచేయడానికి ఏదో ఒకటి ఉండాలి.

"రండి మేడమ్, కూర్చోండి. ఒక్క నిమిషంలో దిగుతాను. మా ఇంట్లో లిఫ్టు లేదు" అన్నాడు.

గార్డియన్ నవ్వలేదు, కానీ నవ్వాలని ప్రయత్నించినట్టు మొహం కాస్త కదిలింది. కూర్చోలేదు. "ముందు ఇల్లు చూస్తాను" అంది.

ఇల్లు చూడటమంటే ఏమిటో అక్కకు అప్పుడే తెలిసింది. ఆవిడ వంటగదిలోకి వెళ్లి పొయ్యి చూసింది. కత్తిపీట ఎక్కడ పెడతారో అడిగింది. మందుల డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టింది. ప్రతిచోటా ఆగి కాగితం మీద ఏదో రాసుకుంది. అక్క వెనకాలే తిరుగుతూ ఒకటే మాట్లాడుతోంది. నిన్ననే తుడిచాననీ, ఆ డబ్బా తమ్ముడికి అందదనీ, ఆ పగిలిన అద్దం రేపు మార్పిస్తామనీ. తన గొంతు తనకే చిరాగ్గా వినిపిస్తోంది, అయినా ఆగడం లేదు.

స్నానాలగది తలుపు దగ్గర గార్డియన్ ఆగింది. "లోపలివైపు గొళ్లెం లేదేం?"

"తీసేశామండీ. ఒకసారి తమ్ముడు లోపల వేసుకుని తియ్యలేకపోయాడు. గంటసేపు... అంటే గంట కాదులెండి, అరగంట."

గార్డియన్ రాసుకుంది.

"ఏం రాశారండీ?"

"గొళ్లెం లేదని."

"ఎందుకు లేదో కూడా రాస్తారా?"

"దానికి ఇక్కడ చోటు లేదమ్మా" అని కాగితం తిప్పి చూపించింది ఆవిడ. నిజమే. చిన్న గడి. అందులో 'ఉంది', 'లేదు' అని రెండే మాటలు అచ్చయి ఉన్నాయి.

ముందు గదిలోకి వచ్చి గార్డియన్ బల్ల ముందు కూర్చుంది. ఫైలు తాడు విప్పి కాగితాలు పరిచింది. నీళ్లు అడిగి తాగింది. గ్లాసు కింద పెట్టి, చెప్పాల్సింది త్వరగా చెప్పేయాలన్నట్టు ఒక్క ఊపిరిలో చెప్పింది.

"మీ తమ్ముణ్ని సంరక్షణ కేంద్రానికి మార్చాలని నిర్ణయించానమ్మా. సోమవారం పదింటికి కారు వస్తుంది. బస్సులో వెళ్తే గంటన్నర దూరం. అరవై రెండు మంది ఉంటారు. శుభ్రంగా ఉంటుంది, నేను చూశాను. నెలకు రెండు శనివారాలు మీరు వెళ్లి చూడొచ్చు."

అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకుంది.

"ఎందుకండీ? మేం ఏం తక్కువ చేశామండీ?"

"మీరు తక్కువ చేశారని నేననలేదు."

"మరి?"

గార్డియన్ ఫైల్లోంచి మూడు పేజీల కాగితం పైకి తీసింది. ఆ కాగితాన్ని అక్క ఇట్టే గుర్తుపట్టింది. కోర్టుకివ్వడానికి, ఏడుపు దిగమింగుకుంటూ లాయరు గదిలో సంతకం పెట్టిన కాగితం.

గార్డియన్ చదివింది. "'నా తమ్ముడు తనంతట తాను స్నానం చేయలేడు. బట్టలు వేసుకోలేడు. తన అవసరాలు తాను చెప్పుకోలేడు. ఏ పనీ చేయలేడు. ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి.' ఇది మీ సంతకమే కదమ్మా?"

"నాదేనండీ."

"మీరు కళ్లద్దాల షాపులో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా పని చేస్తారు. మీవారు లిఫ్టుల మీద ఉంటారు. మరి ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండే ఆ మనిషి ఎవరు?"

అక్క బల్ల దగ్గరికి వచ్చి ఆ మూడు పేజీల వైపు చూసింది.

ఆ కాగితం ముందు అలా లేదు. లాయరు దగ్గరికి వెళ్లిన మొదటి రోజు అక్క ఒక చీటీ పట్టుకెళ్లింది. షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని, తమ్ముడికి ఏమేం వచ్చో గుర్తొచ్చినవన్నీ రాసిన చీటీ అది. స్నానం చేస్తాడు, సబ్బు మాత్రం గుర్తు చెయ్యాలి. పొయ్యి వెలిగించి ఇస్తే టీ పెడతాడు. ఒక్కడే నడిచి పుస్తకాల బైండింగ్ షాపుకు వెళ్తాడు, వస్తాడు. అచ్చయి వచ్చిన ఫారాలు, అంటే పుస్తకం పేజీల పెద్ద కాగితాలు, మడుస్తాడు, గీత తప్పకుండా. లాయరు ఆ చీటీ చదివి, పెన్ను తీసుకుని ఒక్కో వాక్యాన్నీ అడ్డంగా కొట్టేశాడు. "చెయ్యగలడు అని ఒక్క ముక్క ఉన్నా, 'మరి గార్డియన్ ఎందుకమ్మా?' అంటారు జడ్జిగారు. మీ తమ్ముడికి ఏమీ రాదు. అంతే. గట్టిగా రాద్దాం" అన్నాడు. ఆపరేషన్ పదిహేను రోజుల్లో అవ్వాలి. అక్క సంతకం పెట్టింది.

అంత గట్టిగా రాసినా సరిపోలేదు. కోర్టులో జడ్జిగారు తమ్ముణ్ని ముందుకు పిలిచి పేరేంటని అడిగితే అక్క చెప్పింది. పొద్దున ఏం తిన్నావని అడిగితే అక్క చెప్పింది. ఎవరి దగ్గర ఉంటావని అడిగితే, "నా దగ్గరేనండీ" అని అదీ అక్కే చెప్పింది. కావాలని కాదు. తమ్ముడికి మాట లోపలెక్కడో పుట్టి పెదవుల దాకా నడిచి రావడానికి టైము పడుతుంది. అంతమందిలో వాడు అలా నిలబడితే ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. జడ్జిగారు కళ్లద్దాలు తీసి, "మీరు ఉండగా ఇతని మాట ఎవరికీ వినపడదమ్మా" అన్నారు. ఆ అద్దాల ఎడమ కాడ వదులైందని, ఒక మర తిప్పితే చాలని, ఆ క్షణంలో కూడా అక్క గమనించింది. ఏం లాభం? బయటి మనిషిని గార్డియన్‌గా పెడుతూ ఉత్తర్వు చదివేశారు.

"అవన్నీ లాయరుగారి మాటలండీ" అంది అక్క ఇప్పుడు. "మా తమ్ముడికి పని వచ్చండీ. బైండింగ్ షాపులో అందరూ వాణ్ని మడత మాస్టారు అంటారు. ఆపరేషనైందని ఇంట్లో కూర్చోబెట్టాం గానీ, రోజూ వెళ్లేవాడండీ."

"ఆయన్ని పిలవండి."

తమ్ముడు వెనక గదిలోంచి వచ్చాడు. మనిషి పొడుగు. నుదుటి మీద జుట్టు పలచబడింది. పొట్ట మీద కుట్లు విప్పిన చోట చొక్కా రాసుకుంటుందని దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నడుస్తున్నాడు.

"మీరు కూర్చోండి" అంది గార్డియన్.

తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరున్నారా అని.

స్టూలు మీంచి బావ పకపకా నవ్వాడు. "నిన్నే బామ్మర్దీ! ఈ ఇంట్లో మనిద్దర్నీ 'మీరు' అనేవాళ్లు లేక అలవాటు తప్పింది మేడమ్."

తమ్ముడు కుర్చీ అంచున కూర్చున్నాడు. గార్డియన్ అతని వైపు తిరిగి, "మీకు ఏమేం పనులు వచ్చు?" అని అడిగింది.

అక్క మనసులోనే బతిమాలుకుంది. ఫారాలని చెప్పరా. పదహారు పేజీల ఫారం మూడు మడతల్లో ఎలా పుస్తకం ముక్కవుతుందో చెప్పరా. మడత చెక్కతో గీత ఎలా లాగుతావో చెయ్యి ఆడించి చూపించరా. ఏదో ఒకటి చెప్పరా నాన్నా.

"నాకేం రాదు" అన్నాడు తమ్ముడు.

"ఎవరన్నారు అలా?"

అతను కాసేపు ఆలోచించాడు. "అక్క రాసింది. జడ్జిగారు చదివారు."

స్టూలు మీద బావ చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. అక్కకు తల కొట్టేసినట్టయింది. కోర్టులో ఆ మాటలు చదువుతున్నప్పుడు తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఏమీ వినడం లేదనుకుంది. నాలుగు నెలలుగా ఆ మాటలు ఒక్కటి కూడా పోనీయకుండా కడుపులో దాచుకుని ఈ ఇంట్లోనే తిరిగాడా?

"అయ్యో, అది కాదురా..." అంటూ ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోలేదు.

"ఉండండి, ఫోన్ చేస్తాను. ఆయన చేతే చెప్పిస్తాను" అని అక్క బైండింగ్ షాపు ఓనరుకు ఫోన్ కలిపింది. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టింది. షాపులో కటింగ్ మిషను చప్పుడు వినిపిస్తోంది. "అన్నా, నేనన్నా, మడత మాస్టారి అక్కని. మా ఇంటికి కోర్టు నుంచి గార్డియన్ మేడమ్ వచ్చారు. తమ్ముడు నీ దగ్గర ఏం పని చేస్తాడో కాస్త చెప్పన్నా."

మిషను చప్పుడు ఆగిపోయింది.

"కోర్టు నుంచా?" అన్నాడు ఓనరు. తర్వాత గొంతు మారింది. "పనేంటమ్మా? పని అని ఎవరన్నారు? పాపం అని కూర్చోనిస్తాను. ఊరికే వచ్చి కాయితాలు అటూ ఇటూ మడుస్తుంటాడు. కాలక్షేపం."

"అదేంటన్నా! పరీక్షల రోజుల్లో రోజుకి రెండు వేల ఫారాలు మడిచాడని నువ్వే అన్నావు కదన్నా! మాస్టారు రాకపోతే షాపు మూసుకోవాల్సిందే అన్నావు కదా!"

"సరదాకి ఏదో అని ఉంటాను చెల్లెమ్మా. ఇదుగో కస్టమర్ వచ్చాడు. ఉంటా."

ఫోను నల్లగా అయిపోయింది. అక్క దానివైపే చూస్తూ నిలబడింది. పదకొండేళ్లు. వానలో కూడా పొద్దున ఎనిమిదింటికల్లా వెళ్లి షాపు తలుపు ముందు నిలబడేవాడు తమ్ముడు.

"భయపడ్డాడు" అంది గార్డియన్ మెల్లగా. "పనివాళ్ల రిజిస్టర్‌లో మీ తమ్ముడి పేరు రాసి ఉండడు. ఒప్పుకుంటే తన మెడకు చుట్టుకుంటుందని. నాకు అర్థమైంది. కానీ నేను రాసుకోవాల్సింది మాత్రం ఆయన చెప్పిన మాటే."

"కాలక్షేపం" అన్నాడు తమ్ముడు, ఎవరితోనూ కాకుండా.

ఆ మాట విన్నాక బావ అక్కడ ఉండలేకపోయాడు. స్టూలు దిగాడు. ఏదో ఒకటి చెయ్యాలనిపించి గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను స్విచ్చి వేశాడు. "చూద్దాం, ఇదైనా నా మాట వింటుందేమో" అన్నాడు.

విన్నది. నెల రోజులుగా కదలని ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరిగింది. బల్ల మీది కాగితాలు లేచి గదంతా చెల్లాచెదురయ్యాయి.

"ఆపు! ఆపవయ్యా బాబూ!" అని అరిచింది అక్క. గార్డియన్ రెండు చేతులతో బల్ల మీద పడినంత పని చేసింది. బావ స్విచ్చి ఆపి, నాలుక కరుచుకుని, మంచం కింద దూరాడు కాగితాల కోసం.

తమ్ముడు మాత్రం తొందరపడలేదు. చొక్కా వదిలేసి వంగి ఒక్కో కాగితాన్నీ తీశాడు. అన్నీ చేరాక బల్ల ముందు నిలబడ్డాడు. కట్టను నిలువుగా పట్టుకుని బల్ల మీద రెండుసార్లు తట్టాడు. పక్కకు తిప్పి రెండుసార్లు తట్టాడు. వేలి కొసతో అంచు మీద నిమిరాడు. ఆగాడు. కట్ట మధ్యలోంచి ఒక కాగితం బయటికి లాగి, తలకిందులుగా ఉన్నదాన్ని సరిగా తిప్పి మళ్లీ అదే చోట దూర్చాడు. మళ్లీ నిమిరాడు. ఇంకో కాగితం లాగి, దాన్ని మాత్రం కట్టలో పెట్టకుండా విడిగా బల్ల మీద ఉంచాడు.

"అదెందుకు తీశారు?" అంది గార్డియన్.

అతను కాగితం మూల రుద్ది చూపించాడు. "పల్చన. ఇందులోది కాదు."

గార్డియన్ ఆ కాగితం తీసుకుని చదివింది. ఇంకోసారి చదివింది. ఆవిడ మెడ దగ్గర ఎర్రబడింది. "ఇది వేరే ఆవిడది. పెద్దావిడ. డాక్టర్ చీటీ. పది రోజులుగా దీనికోసం ఆఫీసంతా తిరగేశాను" అంది. ఆ చీటీని ఫైలు అట్టలో దూర్చి, "నా కింద నలభై ఒక్క మంది ఉన్నారమ్మా" అని కూడా అంది. అది క్షమాపణో, ఫిర్యాదో అక్కకు తెలియలేదు.

తమ్ముడు కట్టను ఆవిడ ముందు పెట్టి మళ్లీ కుర్చీ అంచున కూర్చున్నాడు. కట్ట నాలుగు వైపులా కత్తితో కోసినట్టుంది.

గార్డియన్ పెన్ను కింద పెట్టింది. "మీరు ప్రమాణం చేసి రాసింది అబద్ధం" అంది అక్కతో.

"అవునండీ."

"నా ముందు అంటే చాలదు. కాగితం మీద ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటే ఏమవుతుందండీ?"

"మంచీ ఉంది, చెడూ ఉంది. ముందు చెడు చెప్తాను. కోర్టుకు అబద్ధం చెప్పానని మీ చేతులతో మీరే రాసిచ్చినట్టు. కేసు పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. కానీ మిమ్మల్ని మాత్రం ఇంక ఎన్నటికీ గార్డియన్‌గా పెట్టరు. నేను పోతే ఇంకొకరు వస్తారు, వాళ్లు పోతే ఇంకొకరు. మీరు మాత్రం కాలేరు."

"మంచి?"

"ఆయన తన సంగతి తాను చెప్పుకోగలడని మీరే రాసిస్తే, ఎక్కడ ఉండాలన్న దాంట్లో ముందు ఆయన మాట వినాలి. నా మాట కాదు. మీ మాటా కాదు. ఆయన ఇక్కడే ఉంటానంటే, నేను సోమవారం కారు ఆపి కోర్టుకు రాస్తాను."

అక్క వంటగదిలోకి వెళ్లింది. వెనకే బావ వచ్చాడు.

"ఆలోచించుకో" అన్నాడు గొంతు తగ్గించి. "కేసంటే తమాషా కాదు. షాపులో తెలిస్తే నీ ఉద్యోగం..."

"ఏముంది ఆలోచించడానికి? వాడు ఉంటానంటాడు, అయిపోతుంది."

"అడిగావా?"

"ఏంటి?"

"ఉంటావా అని వాణ్ని అడిగావా?"

"అడగాలా?" అంది అక్క ఆశ్చర్యంగా. "నా తమ్ముడు నా ఇంట్లో ఉంటాడా అని అడగాలా? నువ్వు మరీనయ్యా. నిన్ను అడిగానా ఎప్పుడన్నా?"

"అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకూ తెలీదు" అన్నాడు బావ. ఈసారి ఆ మాటలో నవ్వు సగమే ఉంది.

అక్క తిరిగొచ్చి కూర్చుంది. గార్డియన్ ఇచ్చిన తెల్లకాగితం మీద రాసింది. ఒక్క అక్షరం కూడా చెదరలేదు. నాలుగు నెలల కిందట లాయరు కొట్టేసిన మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి రాసింది. నా తమ్ముడు స్నానం చేస్తాడు. టీ పెడతాడు. ఒక్కడే పనికి వెళ్లి వస్తాడు. ఫారాలు మడుస్తాడు, అంత బాగా మడిచేవాళ్లు నాకు తెలిసి ఇంకొకరు లేరు. తనకు ఏం కావాలో తనకు తెలుసు. అడిగితే చెప్తాడు. ఇంతకుముందు నేను రాసింది నిజం కాదు, ఆపరేషన్ ఆగిపోతుందన్న భయంతో రాశాను. కింద సంతకం పెట్టింది. సాక్షిగా బావ పెట్టాడు. రాస్తుంటే ఎన్నాళ్ల నుంచో గుండెల మీద కూర్చున్నదేదో కాస్త పక్కకు జరిగినట్టనిపించింది.

గార్డియన్ కాగితం చదివి, తేదీ వేసి, ఫైల్లో పెట్టింది.

"ఇప్పుడు ఆయన్ని అడుగుతాను. మీరిద్దరూ ఆ గుమ్మం దగ్గర నిలబడండి. ఒక్క మాట కూడా రాకూడదు. దగ్గు, సైగ, ఏదీ రాకూడదు. వస్తే ఆయన సొంతంగా చెప్పలేదని నేను రాయాల్సి వస్తుంది. అప్పుడు ఈ కాగితం చిత్తుకాగితమే. మొదటిదే నిలబడుతుంది. అర్థమైందా అమ్మా?"

అక్క తలూపింది. ఇప్పుడే కాదు, ఈ జన్మలో ఇంక మాట్లాడవద్దన్నా మాట్లాడనన్నట్టు పెదవులు బిగించింది.

గార్డియన్ కుర్చీ తమ్ముడి దగ్గరికి జరుపుకుంది. సోమవారం సంగతి చెప్పింది. కేంద్రం గురించి చెప్పింది, ఉన్నది ఉన్నట్టు. బస్సు దూరం, అరవై రెండు మంది, పొద్దున ఆరింటికి కొట్టే గంట, వరుసగా వేసిన మంచాలు. దేన్నీ తియ్యగా చెయ్యలేదు. తర్వాత అడిగింది.

"మీరు ఎక్కడ ఉంటారు? ఇక్కడా, అక్కడా?"

తమ్ముడు బల్ల అంచు వైపు చూశాడు.

వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యబోయి, అవక, మళ్లీ ప్రయత్నించారు. పక్కింటి కొళాయి కింద బిందె నిండి పొర్లుతున్న చప్పుడు. తమ్ముడి పెదవులు కదిలాయి, మాట రాలేదు. అక్క నాలుక చివరన 'ఇక్కడే' అన్న మాట వచ్చి కూర్చుంది. మింగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ మింగింది. బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో కేకేసి కొళాయి కట్టించారు. బండి స్టార్టయి వెళ్లిపోయింది. ఇంకా మాట రాలేదు. వాడి జవాబుకు ఇంత సేపు పడుతుందని అక్కకు ఇన్నేళ్లలో తెలియదు. ఇంతసేపు ఆమె ఎప్పుడూ ఆగలేదు.

ఈసారి ఆగింది. అది గెలుపులా అనిపించింది.

"వెళ్తాను" అన్నాడు తమ్ముడు.

బావ వేళ్లు ఆమె చెయ్యి మీద బిగుసుకున్నాయి. అక్కకు ఆ చెయ్యి తనదో కాదో తెలియలేదు. తప్పు విన్నానేమో అనుకుంది. గార్డియన్ కూడా అలాగే అనుకున్నట్టుంది, ప్రశ్నను తిప్పి అడిగింది.

"ఈ ఇంట్లో కాకుండా, కేంద్రంలో ఉంటానంటున్నారా?"

"అక్కడే."

"ఎందుకో చెప్తారా?"

మళ్లీ అంతసేపూ పట్టింది. ఆవిడ తొందరపెట్టలేదు. గడియారం చూడలేదు, పెన్ను తిప్పలేదు. ఆవిడ అలా ఆగడాన్ని అతను చూస్తున్నాడని అక్క గుమ్మం దగ్గర్నుంచే గమనించింది. ఎండలో తిరిగొచ్చినవాడు నీళ్లను చూసినట్టు చూస్తున్నాడు.

"అక్కడ ఇట్లాగే అడుగుతారా?" అన్నాడు.

"ఎట్లా?"

"మీరు, అని. నన్ను." ఇంకా చెప్పాల్సింది ఉందన్నట్టు వేలు ఎత్తాడు. ఆవిడ ఆగింది. "అడిగి, ఆగుతారా?"

గార్డియన్ మొహంలో రంగు మారింది. ఆవిడ ఆ కేంద్రాన్ని చూసింది. అరవై రెండు మందిని లేపే గంటను విన్నది. అక్కడ పనిచేసేవాళ్లు ఎందరో, ఒక్కొక్కరికి ఎంత తీరిక ఉంటుందో ఆవిడకు తెలుసు. జవాబు చెప్పడానికి ఆవిడ తమ్ముడి వైపు చూడాల్సింది, ఫైలు వైపు చూసింది. అక్కకు ఆ చూపు చాలు.

అక్కడ అడగరు. ఆగరు. ఆ సంగతి ఈవిడైనా చెప్పరేం? ఒక్క మాట. 'అక్కడ ఎవరూ ఆగరురా' అని ఒక్క మాట వాడికి చెబితే, వాడు ఉంటాడేమో. కానీ ఆ మాట తన నోటి నుంచి వస్తే ఇప్పుడు రాసిన కాగితం చిత్తు అవుతుంది. ఏమీ రాని తమ్ముడు, ఏ పనీ చేయలేని తమ్ముడు మళ్లీ ఫైల్లో పైకి వస్తాడు. సోమవారం పదింటికి కారు ఎలాగూ వస్తుంది. తను నోరు తెరవకపోతే, వాడి మాట మీద వస్తుంది. ఎటు తిరిగినా ఆ కారే.

"అడుగుతారా మేడమ్?" అన్నాడు తమ్ముడు మళ్లీ, కాస్త ముందుకు వంగి.

గార్డియన్ పెన్ను మూత తీసింది. పెట్టింది. మళ్లీ తీసింది.

గుమ్మం దగ్గర అక్క బావ చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. వద్దని అతను కళ్లతోనే బతిమాలుతుండగా, నోరు తెరిచింది.